రికార్డు మీద పుస్తకమా?

"రికార్డు మీద పుస్తకమా? ఏదైనా కావ్యం మీద రాయవయ్యా!"

ఈ మాట అన్నది మరెవరో కాదు, నేనే. కొన్నేళ్ల కిందట మా కాలేజీలో ఎం.ఏ. రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు లఘు పరిశోధనా వ్యాసానికి విషయం చెప్పుకోవడానికి నా గదికి వచ్చాడు. 1974లో ఎచ్.ఎం.వి. కంపెనీ విడుదల చేసిన ఘంటసాల భగవద్గీత రికార్డు మీద రాస్తానన్నాడు. అభ్యుదయవాదినని చెప్పుకునే నేను రెండు కారణాలు చెప్పి అతన్ని తిప్పి పంపాను. అది సాహిత్యం కాదు, అంగడి సరుకు అన్నది ఒక కారణం. అది మతప్రచారం అన్నది రెండో కారణం. అతను వాదించలేదు. "మా నాయన పోయిన రోజున అదే వేశారు సార్. మా పేటలో ఎవరు పోయినా అదే వేస్తారు. ఎందుకు వేస్తారో రాద్దామనుకున్నాను" అన్నాడు. అని, వెళ్లి ఒక శతకం మీద రాసుకున్నాడు. మార్కులు బాగానే వచ్చాయి. ఆ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా నాకిప్పుడు గుర్తులేదు. అతనన్న మాట మటుకు గుర్తుంది.

ఆ తరువాత ఇంగ్లీషులో ఒక్కొక్క రికార్డు మీద ఒక్కొక్క చిన్న పుస్తకంగా వస్తున్న ఒక వరుసను చదవడం తటస్థించింది. చదివిన కొద్దీ నేను చేసింది తప్పని తేలింది. ఆనాటి నా అభిప్రాయంలోనే ఇప్పటికీ వున్న మిత్రులు మన శిబిరంలో చాలామంది వున్నారు గనక, ఆ తప్పు నా ఒక్కడిది కాదని కూడా తేలింది. అందుకే ఈ వ్యాసం.

ఆ వరుస పేరు "థర్టీ త్రీ అండ్ ఎ థర్డ్". 1948లో కొలంబియా కంపెనీ అమెరికాలో ప్రవేశపెట్టిన ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. పేరు అక్కడినుంచి వచ్చింది. డేవిడ్ బార్కర్ సంపాదకత్వంలో కంటిన్యుయమ్ ప్రచురణ సంస్థ 2003లో దీన్ని మొదలుపెట్టింది. తరువాత అది బ్లూమ్స్‌బరీ సంస్థ చేతికి వచ్చింది. ఇప్పటికి నూట యాభైకి పైగా పుస్తకాలు వచ్చాయి. ప్రతిదీ జేబులో పట్టేటంత చిన్నది. రాసేవాళ్లలో పత్రికా రచయితలున్నారు, అధ్యాపకులున్నారు, పాడేవాళ్లున్నారు, నవలాకారులున్నారు. అప్పుడప్పుడు బహిరంగంగా ప్రతిపాదనలు కోరుతారు, ఎవరైనా పంపవచ్చు. ఈ మధ్య దక్షిణాసియా రికార్డుల కోసం ఒక శాఖ కూడా మొదలైంది.

ఇవన్నీ గొప్ప పుస్తకాలని నేననడం లేదు. చాలా వాటిలో రచయిత తన పదహారో యేట ఏ గదిలో పడుకుని ఆ రికార్డు విన్నాడో, అప్పుడు ఏ పిల్లను ప్రేమించాడో తప్ప మరేమీ వుండదు. రికార్డు తిరుగుతూ వుంటుంది, రచయిత తన చుట్టూ తాను తిరుగుతూ వుంటాడు. భక్తులు రాసిన స్థలపురాణాలకూ వీటికీ తేడా లేదు. అయినా ఒక ప్రక్రియను దానిలోని నాసిరకంతో కొలవడం న్యాయం కాదు. అలా కొలిస్తే నవల నిలవదు, వచన కవిత అసలే నిలవదు.

మొదటి ఆక్షేపణకు వద్దాం. రికార్డు సరుకు. నిజమే. అచ్చయిన పుస్తకం సరుకు కాదా? మనం ప్రాణప్రదంగా చూసుకునే నవలలను వెల కట్టకుండా ఎవరైనా పంచిపెట్టారా? సరుకు అని తెలిసిన తరువాత మార్క్సిస్టు చెయ్యవలసిన పని ముఖం తిప్పుకోవడం కాదు. దాన్ని ఎవరు తయారుచేశారు, ఎవరు పెట్టుబడి పెట్టారు, ఎవరు కొన్నారు, దేనికోసం కొన్నారు అని అడగడం. మార్క్స్ తన మహాగ్రంథాన్ని సరుకుతోనే మొదలుపెట్టాడన్న సంగతి మన మిత్రులకు నేను గుర్తుచెయ్యాలా?

ఒక ఉదాహరణ చెబుతాను. 1962 అక్టోబరు 24 రాత్రి న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో, అపోలో థియేటర్‌లో జేమ్స్ బ్రౌన్ కచేరీ చేశాడు. దాన్ని రికార్డు చెయ్యడానికి కింగ్ రికార్డ్స్ యజమాని సిడ్ నాథన్ డబ్బు పెట్టనన్నాడు. అప్పటికే విడివిడిగా అమ్ముడుపోయిన పాటలను మళ్లీ కచేరీ రూపంలో ఎవడు కొంటాడని ఆయన లెక్క. బ్రౌన్ తన సొంత డబ్బు పెట్టి రికార్డు చేయించాడు. 1963లో విడుదలయిన ఆ రికార్డు ఏడాదికి పైగా అమ్మకాల పట్టికలో నిలిచింది. వినేవాడి అవసరం ఏమిటో పెట్టుబడికి తెలియకపోయింది, పాడేవాడికి తెలిసింది. ఈ రికార్డు మీద డగ్లస్ వోక్ 2004లో పుస్తకం రాశాడు. ఆ రాత్రి మామూలు రాత్రి కాదని ఆయన మరిచిపోనివ్వడు. అది క్యూబా క్షిపణుల సంక్షోభం నడుమ వచ్చిన రాత్రి. తెల్లవారేసరికి అణుయుద్ధం వస్తుందేమోనని ప్రపంచం బిక్కుబిక్కుమంటున్న వేళ, హార్లెమ్ నల్లజాతి జనం ఆ హాలులో కూర్చుని గొంతెత్తి అరిచారు. ఆ అరుపులు రికార్డులో వున్నాయి. అరగంటకు కాస్త మించిన ఆ రికార్డులో పాడేది బ్రౌన్ ఒక్కడే కాదు, హాలంతా. చరిత్ర పుస్తకాలలో కెనెడీ, క్రుష్చేవ్ మాటలు దొరుకుతాయి. ఆ రాత్రి హార్లెమ్ జనం గొంతు వినాలంటే ఈ సరుకు దగ్గరికి రావలసిందే.

మరొకటి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రవాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్ల వయసులో, ఆ ఉద్యోగం మానేస్తున్న చివరి రోజున, మిషను అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తీసుకుపోయింది. అతను ఎడమచేతి వాటం వాడు. గిటారు తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్కు కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తీగలు వదులు చేస్తే నొక్కడం తేలికవుతుందని వదులు చేశాడు. బ్లాక్ సబాత్ బృందం 1971లో విడుదల చేసిన "మాస్టర్ ఆఫ్ రియాలిటీ"లో వినిపించే ఆ బరువైన, అడుగు నుంచి వచ్చే ధ్వని వెనక ఆ వదులు తీగలున్నాయి. పండితులు దీన్ని మొరటు రొద అన్నారు. ఫ్యాక్టరీ ఒక కార్మికుడి చేతికి చేసిన గాయం ఆ రొదలో పలుకుతున్నదని తెలిసిన తరువాత కూడా, దానికి మన విమర్శలో చోటు లేదందామా?

ఈ రికార్డు మీద జాన్ డార్నియెల్ 2008లో రాసిన పుస్తకం విమర్శ కాదు, నవలిక. మానసిక చికిత్సాలయంలో పెట్టిన ఒక కుర్రవాడు, తన దగ్గర లాక్కున్న టేపులు తిరిగి ఇమ్మని, అవి తనకెందుకు కావాలో రోజూ డైరీలో రాస్తాడు. డార్నియెల్ స్వయంగా అలాంటి చోట నర్సుగా పనిచేసినవాడు. ఆ కుర్రవాడి వాదన చదువుతుంటే నాకు మా విద్యార్థి గొంతు వినపడింది. ఇద్దరూ ఒకటే అడిగారు. నాకెందుకు కావాలో చెప్పుకోనివ్వండి అన్నారు. అక్కడ ఆసుపత్రి అధికారం వద్దన్నది. ఇక్కడ అభ్యుదయం వద్దన్నది.

ఇక రెండవ ఆక్షేపణ, అసలైనది. "ఇవి జనాన్ని మభ్యపెట్టే పాటలు. మనం వీటిని ఎండగట్టాలి గాని, వీటి మీద పుస్తకాలు రాయడమేమిటి?" అంటారు. దీనికి జవాబు టొరాంటో పత్రికా విమర్శకుడు కార్ల్ విల్సన్ 2007లో రాసిన పుస్తకంలో వుంది. ఈ వరుసలోకెల్లా నాకు ముఖ్యమనిపించిన పుస్తకం అది. తక్కిన వాళ్లంతా తాము ప్రేమించిన రికార్డుల మీద రాస్తే, విల్సన్ తాను అసహ్యించుకునే రికార్డు మీద రాశాడు. సెలీన్ డియాన్ 1997లో పాడిన "లెట్స్ టాక్ అబౌట్ లవ్" అది. టైటానిక్ సినిమా పాట వున్న రికార్డు. లోకమంతా కొన్నది, విమర్శకులంతా వెక్కిరించారు. ఈ వెక్కిరింత ఎక్కడినుంచి వచ్చిందని విల్సన్ తనను తాను నిలదీసుకున్నాడు. ఆమె క్విబెక్‌లోని ఒక చిన్న పట్నంలో, పధ్నాలుగు మంది పిల్లలున్న ఇంట్లో ఆఖరి బిడ్డ. ఫ్రెంచి మాట్లాడే సామాన్య జనం మనిషి. విల్సన్ అభిమానులతో మాట్లాడాడు. ఆమె ప్రదర్శన చూడడానికి లాస్ వేగాస్ వెళ్లాడు. అభిరుచి అన్నది స్వర్గం నుంచి ఊడిపడేది కాదు, వర్గాల మధ్య గీసే గీత అని 1979లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియెర్ బూర్ద్యూ తన గ్రంథంలో నిరూపించిన సంగతిని తన మీదనే ప్రయోగించుకున్నాడు. చివరికి ఆయన అభిమానిగా మారిపోలేదు. కాని తన అసహ్యంలో సంగీతజ్ఞానం పాలెంతో, తన వర్గం తాలూకు అహంకారం పాలెంతో లెక్క తేల్చుకున్నాడు.

ఈ లెక్క మనం ఎప్పుడైనా తేల్చుకున్నామా? జనం కోసం రాస్తామంటాం. జనం వినే పాట వినపడితే కిటికీ మూస్తాం. ఈ ఈసడింపు పాత పండితుల దగ్గరా వుండేది. వాళ్లు "గ్రామ్యం" అన్నారు, మనం "ప్రజావ్యతిరేకం" అంటున్నాం. మాట మారింది గాని మూతి విరుపు మారలేదు.

అయితే జనం మెచ్చిందల్లా మంచిదేనా? కాదు. అర్థం చేసుకోవడమంటే నెత్తిన పెట్టుకోవడం కాదు. అర్థం చేసుకున్న తరువాత తీర్పు చెప్పు, గట్టిగా చెప్పు. వినకుండా చెప్పే తీర్పు మటుకు విమర్శ కాదు.

ఇంత అనుకున్నాక, పశ్చాత్తాపమో పట్టుదలో గాని, ఘంటసాల గీత మీద చిన్న పుస్తకం నేనే రాయబోయాను. రెండు నెలలు కూర్చున్నాను. మొదటి ఇరవై పేజీలూ నా బాల్యమే అయింది. చించేశాను. రెండోసారి మొదలుపెడితే శ్లోకాల అర్థచర్చ అయింది. అదీ చించేశాను. అప్పుడు తెలిసింది మన చదువులోని లోపం. పాట అంటే మనకు మాటలే. సినిమా పాట మీద మన విమర్శ అంతా "సాహిత్యం" మీదనే. గొంతు ఎక్కడ తగ్గింది, ఎక్కడ ఆగింది, వాద్యం వాయించినవాడెవడు, వాడి పేరు అట్ట మీద ఎందుకు లేదు అని అడగడానికి మన దగ్గర అలవాటూ లేదు, భాషా లేదు. అమెరికాలో మోటౌన్ కంపెనీ కూడా తన వాద్యకారుల పేర్లు 1971లో మార్విన్ గే రికార్డు "వాట్స్ గోయింగ్ ఆన్" దాకా అట్ట మీద వెయ్యలేదు. ఆ సంగతిని అక్కడి రచయితలు అన్యాయంగా పట్టుకుని రాశారు. శ్రమ గురించి ఇంత మాట్లాడే మనం మన రికార్డులలోని శ్రమను పట్టించుకోలేదు.

ఆ పుస్తకం ఎలా వుండాలో మాత్రం ఇప్పుడు నాకు తెలుసు. విజయనగరంలో సంగీతం నేర్చుకుంటూ మధూకరం ఎత్తి కడుపు నింపుకున్న కుర్రవాడు, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయినవాడు, సినిమా పాటతో ఇంటింటివాడయినవాడు, జబ్బుపడి, జీవితం చివర ఈ రికార్డు ఇచ్చాడు. 1974 ఫిబ్రవరి 11న పోయాడు. రికార్డు ఆయన పోయిన తరువాత బయటికి వచ్చింది. శ్లోకం పాడి, తెలుగులో తాత్పర్యం తనే చెప్పాడు. పద్యం పాడే గొంతు వేరు, తాత్పర్యం చెప్పే గొంతు వేరు. రెండోది మన ఇంటి పెద్ద మాట్లాడినట్టుంటుంది. చావింట్లో అందరూ వినేది ఆ గొంతునేమో! సంస్కృత శ్లోకం చెవిని పడరాదని తరతరాలు దూరం పెట్టిన వాడలలోకి దాన్ని మోసుకుపోయినవాడు పురోహితుడు కాదు. ప్లాస్టిక్కు పళ్లెం, ఆ తరువాత కేసెట్టు, ఇప్పుడు సెల్‌ఫోను మోసుకుపోయాయి. ఇది గౌరవం దక్కించుకోవడమా, కొత్త సంకెల తగిలించుకోవడమా? రెండూనా? ఈ ప్రశ్నకు జవాబు సిద్ధాంత గ్రంథాలలో దొరకదు. మా విద్యార్థి పేటలో, శవం చుట్టూ కూర్చున్న మనుషుల దగ్గర దొరుకుతుంది. ఆ ప్రశ్న మనం వదిలేస్తే అది ఖాళీగా పడివుండదు. ఆ గొంతును తమ జెండాకు కట్టుకోవడానికి మతతత్వవాదులు సిద్ధంగా వున్నారు.

ఈ పుస్తకం రాయవలసినవాడు నేను కాదు. అతను. మొన్న వేసవిలో వెతికి పట్టుకున్నాను. ఒక ప్రయివేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. రోజుకు ఆరు పీరియడ్లు, సాయంత్రం స్టడీ అవర్లు. నా తప్పు ఒప్పుకుని, ఇప్పుడు రాయమన్నాను. అతను కోపగించుకోలేదు. "అప్పుడైతే రాసేవాణ్ణి సార్. ఇప్పుడు తీరికేదీ?" అన్నాడు.

అభ్యుదయ అధ్యాపకులారా, వచ్చే సంవత్సరం మీ గదికి కూడా ఇలాంటి విద్యార్థి ఒకడు వస్తాడు. జానపద గాయకుడి కేసెట్టో, సినిమా పాటల రికార్డో, భజన పాటల సీడీయో పట్టుకుని, దీని మీద రాస్తానంటాడు. మీకది నచ్చకపోవచ్చు. నచ్చకపోతే మరీ మంచిది. ఎందుకు నచ్చలేదో అతనితో కలిసి మీరూ తెలుసుకోండి. కావ్యం మీద రాయమని మటుకు పంపెయ్యకండి.