పెద్దల ఇంట కుక్క: చూడవలసింది పరిమాణం కాదు

అమెరికాలో పిల్లల దగ్గర స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు, కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, మనవలు బడికి వెళ్లిన తరువాత పగటిపూట తోడుగా ఉంటుందన్న ఉద్దేశంతో కుక్కను తెచ్చే కుటుంబాలు చిన్న కుక్కనైతే పెద్దలు సులువుగా సంబాళించుకోగలరని భావిస్తాయి. అయితే కుక్క నెమ్మదితనం దాని పరిమాణం కన్నా, ఆ జాతిని తరతరాలుగా ఏ పనికోసం పెంచారన్న దానిమీదా, ఆ కుక్క వయసుమీదా ఎక్కువగా ఆధారపడుతుంది.

ఆరేడు కిలోల జాక్ రసెల్ టెర్రియర్ పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో నక్కలను బొరియల్లోంచి వెళ్లగొట్టడానికి రూపొందిన జాతి కనుక, రోజూ చాలినంత పరుగు లేనిదే దానికి తోచదు. ఇంచుమించు అంతే బరువుండే షీ జూ చైనా రాజప్రాసాదాల్లో కేవలం తోడుకోసం పెరిగిన జాతి కనుక, పూటకు కొద్దిపాటి నడకతో తృప్తిపడుతుంది. కవలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్ కూడా సాధారణంగా సాధుస్వభావం గలదే. అయినా షీ జూ బొచ్చును రోజూ దువ్వాలి. కవలియర్ జాతిలో మైట్రల్ కవాటం, అంటే గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యనుండే తలుపు, క్రమంగా చెడిపోయే జబ్బు ఎక్కువ. ముఖం నొక్కుకుపోయిన పగ్ వంటి జాతులు వేడికి ఊపిరాడక అవస్థపడతాయి.

కుక్క వయసు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పట్టీ కట్టిన కుక్కను నడిపిస్తూ ఎముకలు విరిగి అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు చేరిన 65 ఏళ్లు పైబడినవారి సంఖ్య 2004లో సుమారు 1,670 కాగా, 2017 నాటికి అది 4,400కు చేరువైందని 2019లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. కాళ్లకు అడ్డుపడుతూ, పట్టీని గుంజుతూ తిరిగే కుక్కపిల్ల కన్నా, స్వభావం స్థిరపడి, నడకకు అలవాటుపడిన ఐదారేళ్ల కుక్కను జంతు ఆశ్రయ కేంద్రం నుంచి తెచ్చుకోవడం మేలు. చిన్న జాతులు పన్నెండు, పదిహేనేళ్లు బతకగలవు కనుక, డెబ్బై అయిదేళ్ల వ్యక్తికి కుక్కపిల్లను అప్పగించేవారు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

తెలుగు వంటింటికి సంబంధించిన హెచ్చరిక ఒకటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి, ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీయగలదు. కాబట్టి ముద్దుచేసి సాంబారన్నమో, పాయసమో పెట్టడం ప్రమాదకరం.

కుక్కను పెద్దలకు ఆశ్చర్యకానుకగా తేవడం తగదు. కొన్ని వారాలు తాత్కాలిక సంరక్షణకు, అంటే ఆశ్రయ కేంద్రాలు ‘ఫాస్టర్’ అనే పద్ధతిలో, ఇంటికి తెచ్చి, నిర్ణయాన్ని వారికే వదలడం సముచితం. వారు స్వదేశానికి వెళ్లినా, ఆసుపత్రిలో చేరినా కుక్కను చూసుకునేదెవరో ముందే తేల్చుకోవాలి. బ్రిటన్‌లో 1985లో ఏర్పడిన సినమన్ ట్రస్ట్ స్వచ్ఛంద కార్యకర్తలు నడవలేని వృద్ధుల కుక్కలను తామే నడిపిస్తారు. పండుగలకు వందలమందిని సమీకరించగల అమెరికా తెలుగు సంఘాలకు, మంచు కురిసే నెలల్లో తమ ఊరి పెద్దల కుక్కలను పూటకొకరు నడిపించే ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు.