అంకె కుదిరినది, అడుగు కుదరలేదు

సద్దుల బతుకమ్మనాటి సాయంకాలము మా వాడకట్టు స్త్రీలందరు తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మలను గుడిముందరి ఖాళీజాగలో దించి వలయముగా నిలిచినప్పుడు, ఆ వలయమునకు పది గజముల ఎడముగా ప్లాస్టిక్ కుర్చీ యొకటి వేయించుకొని మా అక్క కూర్చుండుట చూచితిని. అయిదేండ్ల క్రిందటివరకు ఆమె రానిదే మా వాడలో ఆట మొదలుకాకపోయెడిది. పాట ఎత్తుకొనుట ఆమె వంతు, అందుకొనుట తక్కినవారి వంతు. ఏమైనదని అడిగితిని. "థైరాడ్ ఉన్నది గద తమ్మీ. రెండు సుట్లు తిరిగెసరికి కాళ్లల్ల సత్తువ ఉంటలేదు, వంగి లేస్తె పక్కకు ఒరుగుతున్న" అన్నది. ఆ మాటలో దుఃఖము లేదు. వానకాలమున వాన పడుచున్నదని చెప్పినంత నెమ్మదిగా చెప్పినది. ఈ వారమంతయు నన్ను కుదురుగా కూర్చుండనీయక వేధించినది ఆ నెమ్మదియే.

మా అక్క మందు మరచు మనిషి కాదు. ఎనిమిదేండ్లుగా పరగడుపున మాత్ర వేసికొని, అరగంట దాటినదాక చాయ ముట్టదు; రక్తహీనతకిచ్చిన ఇనుము మాత్రను, ఎముకలకిచ్చిన కాల్షియము మాత్రను దీనితో కలుపరాదని తెలిసి, నాలుగుగంటల ఎడము పాటించుచున్నది. ఆరునెలలకొకసారి చేయించుకొన్న రక్తపరీక్షల కాగితములు ఒక బట్టలదుకాణపు సంచిలో తేదీల వరుసన భద్రముగా ఉన్నవి. మొన్నటి పరీక్షలో టీఎస్‌హెచ్, అనగా థైరాయిడు పనిని తెలుపు అంకె, 3.1 వచ్చినది. డాక్టరుగారు కాగితము చూచి, "నార్మలే ఉందమ్మా, అదే డోసు వాడండి, కొంచెం వాకింగ్ చేయండి" అని తరువాతి చీటీని పిలిచినారట. ఆయన కాగితమును చూచినారే గాని కాలిని చూడలేదు. చేతులూనకుండ కుర్చీలోనుండి లెమ్మనలేదు. ఒంటికాలిమీద పది లెక్కించువరకు నిలువుమనలేదు. ఈ రెండు పరీక్షలకు రెండు నిమిషములు పట్టును, రూపాయి ఖర్చు కాదు. ఖర్చు లేకపోవుటవలననే కాబోలు, వీనిని చేయువారు కనబడరు.

కంఠమున సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండు ఆ చిన్న థైరాయిడు గ్రంథి మందగించినచో ఒళ్లు బరువెక్కుట, చలికి ఓర్వలేకుండుట, జుట్టు రాలుట మొదలైనవి కలుగునని ఈ కాలమున పదవతరగతి పిల్లవానికిని తెలియును. ఎవరును చెప్పుకొననిది కండరముల సంగతి. గ్రంథిరసము తగ్గినప్పుడు కండరము బిగియుటయు ఆలస్యమే, బిగిసినది సడలుటయు ఆలస్యమే. అందును ముందుగా నీరసించునవి తుంటి, తొడ, భుజముల కండరములు, అనగా గొంతుకూర్చున్న మనిషిని లేపునవి, మెట్టెక్కించునవి. వ్యాధి ముదిరినవారిలో అరికాలి నరములు మొద్దుబారి, నేల యెట్లున్నదో కాలు పంపవలసిన వార్త తలకు సరిగా చేరదు. అరుదుగా చిన్నమెదడే తడబడి నడక తూలును. మనము నిలబడుట యనగా కన్ను, లోచెవి, అరికాలు ఈ మూడింటి సాక్ష్యమును మెదడు క్షణక్షణము విని తీర్పు చెప్పుచుండగా, ఆ తీర్పును కండరములు అప్పటికప్పుడు అమలుపరచుట. అమలుపరచువాడు అలసుడైనచో తీర్పు ఎంత సరియైనదైనను మనిషి ఒరుగుట తప్పదు. మాత్రవలన రసలోపము తీరును, చాలమందికి కొన్ని నెలలలో బలమును తిరిగివచ్చును, కాదనను. కాని అయిదేండ్లు కుర్చీకి అలవాటుపడిన తొడ, రక్తములోని అంకె కుదిరిన మరునాడే తనంతట తాను లేచి నిలువదు. దానికి పని చెప్పవలెను.

రక్తపరీక్షలు ఇంత సులభము కాని రోజులలో వైద్యులు ఈ రోగమును కాలిలోనే చదివెడివారు. రోగిని కుర్చీమీద మోకాళ్లపై నిలిపి, మడమపైనున్న స్నాయువును రబ్బరుసుత్తితో తట్టినచో, ఆరోగ్యవంతుని పాదము చటుక్కున కదలి చటుక్కున యథాస్థానమునకు వచ్చును. థైరాయిడు మందగించినవాని పాదము మాత్రము కదలినంత త్వరగా మరలిరాక, సంతనుండి ఇంటికి బయలుదేరిన ముసలియెద్దువలె తీరికగా వచ్చును. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడు సారమును ఈ రోగముతోనున్న నలుబదియారేండ్ల స్త్రీకి సూదిద్వారా ఎక్కించి చూచెను. ఆమె కోలుకొని, ఆపై ఇరువదియెనిమిదేండ్లు జీవించినది. ఆయన చేతిలో అంకెల కాగితము లేదు గనుక మనిషినే చూడవలసివచ్చినది.

లెక్కలు కావలెనన్నవారికి లెక్కలును కలవు. హైదరాబాదుతో కూడ ఎనిమిది నగరములలో అయిదువేలకు పైగా పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రకటించిన సర్వేలో వందకు దాదాపు పదకొండుగురికి థైరాయిడు లోపము కనబడినది; ఆడువారిని విడిగా చూచినచో వందకు పదునారుగురు. ఏబదియొకటి మొదలు డెబ్బదియైదేండ్లవరకుగల 1,702 మందిని బ్రెజిల్ దేశపు పరిశోధకులు ఒంటికాలిమీద పది సెకండ్లు నిలువుమనగా అయిదుగురికొకరు నిలువలేకపోయిరనియు, నిలువలేనివారిలో తరువాతి సంవత్సరములలో మరణములు హెచ్చుగా కనబడినవనియు 2022లో ప్రకటించిరి. సద్దులనాడు మా గుడిముందు కుర్చీలలో కూర్చున్నవారిని నేనును లెక్కించితిని: తొమ్మిదిమంది. థైరాడ్ అన్నవారు నలుగురు, మోకాళ్లన్నవారు ముగ్గురు, తక్కిన ఇద్దరు ఫోనులు చూచుకొనుచుండిరి.

ఇంతమందికి వచ్చిన రోగమును గూర్చి మన ఇండ్లలో జరుగు చర్చయేమనగా, గోబిగడ్డ తినవచ్చునా తినరాదా అని! అయోడిన్ ఉప్పు వాడు ఇంట, మితముగా వండుకొని తిన్న గోబిగడ్డవలన భయము లేదు. అయినను మా అక్క ఎనిమిదేండ్లనుండి దానిని మానినది, మెట్లెక్కుటయు మానినది. ఇప్పుడు ఉప్పుమీదను అపవాదు పడినది. శ్రీకాకుళమున పుట్టిన మన వైద్యపరిశోధకులు వులిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలు హిమాలయపాదమున కాంగ్డా లోయలో, సహచరులతో కూడి, కొన్ని గ్రామములకు అయోడిన్ చేర్చిన ఉప్పును, కొన్నింటికి మామూలు ఉప్పును ఏండ్ల తరబడి పంపిణీ చేయించి, గొంతువాపు (గాయిటరు) ఎచ్చట తగ్గినదో లెక్కకట్టి దేశమునకు చూపినారు. 1962లో కేంద్రప్రభుత్వము గాయిటరు నివారణకై జాతీయకార్యక్రమమునే మొదలుపెట్టినది. అంత శ్రమతో మన వంటింటికి చేరిన ఉప్పును వెళ్లగొట్టి, థైరాయిడు రాకుండునని చెప్పి, తగినంత అయోడిన్ లేని గులాబీరంగు ఉప్పును పెక్కింతల ధరకు కొనుచున్నారు. నేడు ఎక్కువమందిలో ఈ గ్రంథి మందగించుటకు కారణము శరీరము తన గ్రంథిపై తానే దండెత్తుట; జపాను వైద్యుడు హషిమోటో 1912లో వర్ణించిన వ్యాధి అదియే. ఉప్పు సంగతి ఇక్కడ అంతగా అక్కరలేదు గాని, ఆ గులాబీ పొట్లము కనబడినప్పుడెల్ల నాకు ఒళ్లుమండును. పాఠకులు మన్నింతురు గాక.

నాట్లకాలమున మా అమ్మ తలపై నారుకట్టల గంపతో, మడికిని మడికిని నడుమ జానెడు వెడల్పున తడిసియున్న ఒడ్డుమీద నడచుట చిన్ననాట చూచినాను. బొటనవ్రేలితో బురదను తడివి, గట్టిదనము తెలిసిన పిదపనే మడమ మోపెడిది. మెడ కదలదు, నడుము మాత్రము సన్నగా కదులును. నాట్లకు వంగుట, కలుపుకు గొంతుకూర్చుండుట, పీటమీద తినుట, చాపమీద పండుకొని లేచుట, ఇట్లు దినమునకు ఎన్నిసార్లు నేలను తాకి లేచెడిదో లెక్కలేదు. అరువదేండ్లకే ఆమెకు నడుమునొప్పి వచ్చినది, ఆ సంగతి దాచను. కాని తూలుట యెరుగదు. నేడు మా ఇండ్లలో నేలను తాకుట పనిమనిషి వంతు. పొయ్యి నడుమెత్తునకు లేచినది, కంచము బల్లమీదికి ఎక్కినది, తుదకు పాయఖానలోనికిని కుర్చీ వచ్చినది. మోకాళ్లరిగినవారికి ఇవి యన్నియు అవసరమే. అరుగనివారికి కూడ పెట్టించినది మన గొప్పయే. ఇది నా పాతపాట యని ఎరుగుదును, అయినను పాడక మానను.

బతుకమ్మ ఆటను ఎన్నడైనను కాళ్లవైపునుండి చూచితిరా? అడుగు పక్కకు, అడుగు ముందుకు, వంగి చప్పట్లు, లేచి పక్కకు తిరిగి మరల చప్పట్లు. ఒంటిబరువు ఒక కాలినుండి మరియొక కాలికి మారుచునేయుండును, కన్ను పూలమీద, చెవి పాటమీద, పాదము పక్కమనిషి పాదముతో లయ కలుపుచుండును. వేలరూపాయలు పుచ్చుకొని ఫిజియోథెరపిస్టు నేర్పు సమతుల్య వ్యాయామములు ఇంతకంటె మిక్కిలి భిన్నమైనవి కావు. అట్టి ఆట 2014లో రాష్ట్రపండుగయైనది, సంతోషమే. కాని మా వాడకట్టులో ట్రాలీమీద మనిషియెత్తు డీజే పెట్టెలు దిగినవి. పూర్వము పాటయెత్తు స్త్రీ తానును ఆడుచుండెడిది గనుక, ఆమెకు ఆయాసము వచ్చినప్పుడు పాటయు నెమ్మదించెడిది, పాటతోపాటు వలయము నెమ్మదించెడిది, ముసలివారును మందుబిళ్లలవారును ఆ నెమ్మదిలో ఇమిడిపోయెడివారు. డీజే పెట్టెకు ఆయాసము రాదు. పదునెనిమిదేండ్ల పిల్లల వేగమునకు ఏబదియైదేండ్ల కాలు రెండు చుట్లు తిరిగి, మూడవచుట్టులో కుర్చీని వెదకికొనును. మా అక్కను వలయమునుండి తప్పించినది థైరాయిడు సగము, ఆ పెట్టె సగము అని నా నిశ్చితాభిప్రాయము. శాస్త్రజ్ఞులు ఒప్పుకొనకున్నను సరియే.

ఇక వాకింగు. "నడువుమన్నడు గని యాడ నడువాలె తమ్మీ?" అని అక్క అడిగినప్పుడు నాయొద్ద జవాబు లేకపోయినది. పెద్దరోడ్డెక్కుదమన్న, హైదరాబాదునుండి రామగుండము పోవు రాజీవ్ రహదారిమీద బొగ్గులారీలు, ఇసుకలారీలు భుజమును ఒరుసుకొని పోవును. గల్లీలో నడుతమన్న, ప్రతి ఇంటిముందరను బండి ఎక్కించుటకు కట్టుకొన్న వాలుగట్టు, దానిని దాటినచో మోరి, మోరిమీద పగిలిన బండ. కాలు నిలుకడగా లేనివారిని అట్టి గల్లీలో నడువుమనుట వైద్యమా? పల్లెలలో 2022లో క్రీడాప్రాంగణములు వెలసినవి. నేను చూచిన మూడింటిలో గడ్డి నడుము దాక పెరిగినను బోర్డులు మాత్రము చక్కగా నిలిచియున్నవి, వానికైనను సమతుల్యము తప్పలేదు.

వైద్యులను నేను కోరునది ఒక్కటే: మాత్ర వ్రాయు చీటీమీదనే కాలికిని రెండు పంక్తులు వ్రాయుడు. పెద్దలు వారమునకు 150 నిమిషములకు తగ్గకుండ ఒళ్లు కదల్చవలెననియు, అరువదియైదు దాటినవారు వారమున మూడు దినములైనను నిలుకడకు, బలమునకు ప్రత్యేకముగా వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పినది. ఈ గ్రంథి మందగించినవారిలో కండరము ముందుగానే ముసలిదగును గనుక, అరువదియైదు వచ్చుదాక ఆగుట ఎందుకు? గోడప్రక్క నిలిచి ఒంటికాలిమీద నిలుచుట, మడమకు వ్రేళ్లు ఆనించుచు తిన్నని గీతమీద నడచుట, చేతులూనక కుర్చీనుండి పదిసార్లు లేచుట, వీనికి మైదానము అక్కరలేదు, ఇంటి అర్ర చాలును. కొత్తగా రోగము బయటపడినవారు, గుండెజబ్బు గలవారు వైద్యునడిగి మెల్లగా మొదలుపెట్టవలెను; తూలుట తగ్గనిచో చెవి, బీపీ, చక్కెర, బీ12 చూపించుకొనవలెను, అన్నింటికిని థైరాయిడునే నిందింపరాదు. సన్నబడుటకై మాత్రను తమంతట తామే పెంచుకొనువారు మా ఊరను కలరు. మోతాదు మించినచో గుండె లయ తప్పును, ఎముక పలుచబడును, ఆపై పడినవారికి విరుగుట సులభము.

ఈ సోమవారము మొదలు మా అక్క ఉదయము మాత్ర వేసికొన్న తరువాత, చాయ కొరకు వేచియుండు ఆ అరగంటలో, నడిమి అర్ర గోడకు ఒక వ్రేలు ఆనించి నిలుచుచున్నది. గడియారము నేను పట్టుకొనుచున్నాను. నిన్నటికి కుడికాలిమీద తొమ్మిది సెకండ్లు, ఎడమకాలిమీద నాలుగు.

— పాదచారి, పెద్దపల్లి