దారి ఎవరు ఎవరికి ఇయ్యాలె: ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో ఇరవై బిట్లు



ఈ భాగం ఒక చిన్న పరీక్ష గురించి. గ్రూప్స్ కాదు, డీఎస్సీ కాదు, కానిస్టేబుల్ కాదు. బండి నడపడానికి ముందు రాసే ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష. ఇరవై బిట్లు ఉంటాయి, పన్నెండు కరెక్టయితే పాస్. తెలుగులోనే రాయొచ్చు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుని బిట్ బ్యాంకులు నమిలేసే మనకు ఇదొక పరీక్షా అనిపిస్తుంది. అందుకే చాలామంది దాన్ని చదవరు. ఏజెంటు చేతిలో నాలుగు నోట్లు పెట్టి, వాడు చెప్పిన బటన్ నొక్కి, కార్డు జేబులో వేసుకుంటారు. ఇంకొందరికి ఆ కార్డు కూడా ఉండదు. ఊరి నుంచి నాయన పంపిన బండి, దోస్తు హెల్మెట్, రాత్రి పదకొండు దాకా డెలివరీలు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ ఇరవై బిట్లను మనం చదవాలి. చలాన్ భయంతో కాదు. మన తాతలకు రోడ్డు మీద నేర్పిన రూల్స్‌కి పూర్తిగా ఎదురుగా నిలబడే రూల్స్ అవి కాబట్టి.

ఊరి రోడ్డుకు ఎప్పుడూ రూల్స్ ఉన్నాయి. అవి ఏ పుస్తకంలోనూ లేవు. దొర ఎదురొస్తే పక్కకు జరగాలె. గడి ముందు నుంచి పోతే చెప్పులు విడిచి చేత పట్టుకోవాలె. సైకిల్ మీద ఉంటే దిగి నడిపించుకుంటూ పోవాలె. పెళ్లి ఊరేగింపు ఏ వాడ దాకా పోవచ్చో, ఎక్కడ డప్పు ఆపాలో కూడా లెక్క ఉండేది. ఈ రూల్స్‌కి ఎవరూ పరీక్ష పెట్టలేదు. అమ్మ కొంగు పట్టుకుని నడిచే వయసులోనే వంటబట్టేవి. తప్పితే చలాన్ రాదు, దెబ్బలు పడతాయి. వాటన్నిటి వెనక ఒకటే ప్రశ్న: ఎవరు ఎవరికి దారి ఇయ్యాలె? దానికి జవాబు పుట్టుకను బట్టి ఉండేది.

ఇప్పుడు ఎల్‌ఎల్‌ఆర్ బిట్లు తెరవండి. సగం బిట్లలో అడిగేది అదే ప్రశ్న. ఎవరు ఆగాలి, ఎవరు ముందు పోవాలి? జవాబులు మాత్రం వేరు.

జీబ్రా క్రాసింగ్ దగ్గర మనుషులు దాటడానికి నిలబడి ఉంటే ఏం చేయాలి? బండి ఆపి, వాళ్లు దాటాక పోవాలి. నడిచే మనిషి ముందు, ఇంజన్ తర్వాత. చూపు లేని మనిషి తెల్ల కర్ర పట్టుకుని రోడ్డు దాటుతుంటే? ఆ కర్రను ఆగమని చెప్పే ట్రాఫిక్ గుర్తుగా భావించాలి. ఒక చేతికర్రకు ఎర్ర లైటుతో సమానమైన అధికారం ఇచ్చిన రూలు అది. అంబులెన్స్ వస్తే పక్కకు జరగాలి. అందులో ఎవరున్నారని అడగొద్దు.

నాకు బాగా నచ్చే బిట్ ఇంకొకటి ఉంది. ఇరుకైన కొండ దారిలో ఒక బండి ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది. ఎవరు దారి ఇవ్వాలి? దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఎందుకు? ఎక్కేది బరువు మోస్తోంది. మధ్యలో ఆపితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారే ప్రమాదం. దిగే బండికి ఆ కష్టం లేదు. ఈ రూలు చూసి ఏ డ్రైవరూ "నా మెరిట్ ఏమైపోవాలి" అని అడగడు. రిజర్వేషన్ల మీద మీ రూమ్మేటు వాదనకు దిగినప్పుడు లెక్కలన్నీ తర్వాత తీయండి, ముందు ఈ బిట్ అడగండి. అతనూ దాన్ని కరెక్టుగానే టిక్ పెట్టి లైసెన్సు తెచ్చుకుని ఉంటాడు.

అంటే చట్టం రాసిన రోడ్డు మీద కులం అనే కాలమ్ లేదు. అవసరం, బలహీనత, ప్రమాదం, వీటిని బట్టే ముందు వెనకలు. రోడ్డు మీద అలాగే జరుగుతోందని నేను అనడం లేదు. కానీ రాసి ఉంది. రాసి ఉన్నదాన్ని చదివినవాడే అడగగలడు. చదవకుండా కొన్నవాడికి అడిగే నోరు ఉండదు.

ఇక రెండో సంగతి. రూలు తెలియడం ఒక ఎత్తు, బండి మీద చెయ్యి తిరగడం ఇంకో ఎత్తు. ఈ రెండూ లేకపోతే ఏమవుతుందో బాబాసాహెబ్ స్వయంగా రాసి పెట్టారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అందులో బండ్ల కథలు రెండున్నాయి. మొదటిది 1901 నాటిది. చిన్న పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగి తండ్రి దగ్గరకు పోవాలి. కులం తెలియగానే ఎడ్లబండి వాళ్లెవరూ రాలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. రెండోది 1929 నాటిది. అప్పటికి ఆయన బారిస్టర్. బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా తిరుగుతూ చాలీస్‌గావ్‌లో దిగారు. అక్కడి మహర్లు ఆయన్ను తమ వాడకు తీసుకుపోదామంటే టాంగావాలాలు నడపమన్నారు. బండి మాత్రం కిరాయికి ఇస్తామన్నారు. నాయకుణ్ణి నడిపించి తీసుకుపోవడం మర్యాద కాదని మనవాళ్లలోనే ఒకతను పగ్గాలు పట్టాడు. అతను ఎన్నడూ టాంగా తోలినవాడు కాదు. కల్వర్టు మీద చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. గుర్రం, బండి కింద పడ్డాయి. బాబాసాహెబ్ రాళ్ల మీదకు విసిరేసినట్టు పడ్డారు, కాలు విరిగింది.

ఈ కథలో దోషి ఎవరు? కులమే, అందులో రెండో మాట లేదు. టాంగావాలా తన కులగౌరవం కోసం నడపనన్నాడు. కానీ మనవాళ్లు కూడా ఆత్మగౌరవం కోసమే, రాని పనికి చెయ్యి పెట్టారు. ప్రాణం మీదకు వచ్చింది మాత్రం నడపనన్నవాడికి కాదు. బండి దగ్గరకు రానివ్వకపోవడం ఒక అన్యాయం. అందువల్ల నేర్చుకునే అవకాశం పోవడం దాని వెనక వచ్చే ఇంకో అన్యాయం. ఆ రెండోదాన్ని మనమే పూడ్చుకోవాలి. వాళ్లు వచ్చి నేర్పరు.

ఈ రోజు పగ్గాలు మన చేతికి వచ్చాయి. చదువుకుంటూ హాస్టల్ ఫీజు కోసం బైక్ ట్యాక్సీ నడిపేవాళ్లు, తిండి పార్సిళ్లు మోసేవాళ్లు అశోక్‌నగర్ గల్లీల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నిమిషాల లెక్కన పరుగు పెట్టించే పని అది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. 19.5 శాతం నడిచి పోయేవాళ్లు. అంటే చచ్చేవాళ్లలో అరవై శాతం పైగా కార్లు లేనివాళ్లే. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు ఆ ఒక్క ఏడాదిలో 50,029 మంది. రాంగ్ రూట్‌లో పోతే రెండు నిమిషాలు మిగులుతాయి. ఆ రెండు నిమిషాలు మనకు కాదు, యాప్‌కు మిగులుతాయి. తల మాత్రం మనది.

లైసెన్సు లేకుండా నడిపేవాళ్లు ఇంకో మాట వినండి. మీ బండి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే, బాధితుడికి నష్టపరిహారం ఇన్సూరెన్సు కంపెనీ కడుతుంది. కానీ ఓనరు తప్పు కూడా ఉందని తేలితే ఆ డబ్బును తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో ఈ దారి చూపింది. ఓనరు ఎవరు? ఆర్సీ మీద పేరున్న నాయన. కూలి డబ్బుల్లోంచి ఈఎంఐ కడుతున్న నాయన. ఏజెంటు ఆ రోజు ఫోన్ ఎత్తడు.

చదువు లేనివాళ్ల సంగతేంటి అని అడగొచ్చు. లారీ, ఆటో, ట్యాక్సీ వంటి రవాణా బండ్లకు లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే నిబంధన 2019 దాకా ఉండేది. ఏళ్ల తరబడి క్లీనరుగా తిరిగి పని నేర్చుకున్న మన అన్నలకు అదే అడ్డుగోడ. దాన్ని తీసేయడం మంచి పని. బడికి పోని తప్పు వాళ్లది కాదు. కానీ గోడ తీసేస్తే సరిపోదు, గుర్తులూ రూల్సూ కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కావాలి. ఆ చెప్పేవాళ్లు మనమే ఎందుకు కాకూడదు?

పరీక్షలో ఏం అడగాలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 11వ రూలు చెబుతుంది. నాలుగు అంశాలు: ట్రాఫిక్ గుర్తులూ రోడ్డు రూల్సూ, ప్రమాదం జరిగితే డ్రైవరు బాధ్యతలు, కాపలా లేని రైల్వే గేటు దగ్గర జాగ్రత్తలు, బండిలో ఉండాల్సిన కాగితాలు. వీటిలో రెండోది మనకు చాలా ముఖ్యం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం గాయపడ్డ మనిషికి వైద్యం అందేలా డ్రైవరు చూడాలి, పోలీసులకు చెప్పాలి, 24 గంటలు దాటనివ్వొద్దు. అయితే అదే సెక్షన్ ఒక మినహాయింపు కూడా రాసింది: గుంపు ఆగ్రహం వల్ల అక్కడ ఉండడం సాధ్యం కాకపోతే అన్నది. చట్టం రాసినవాళ్ల మనసులో ఏముందో గానీ, మన పిల్లలకు ఆ మాట బరువు తెలుసు. మనది కాని ఊళ్లో బండి తగిలింది. గుంపు చేరింది. మొదటి ప్రశ్న "దెబ్బ ఎంత తగిలింది" కాదు, "ఎవరి పిల్లగానివిరా నువ్వు" అని. అప్పుడు ప్రాణం కాపాడుకుని నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయి రిపోర్టు ఇవ్వడం పారిపోవడం కాదు. ఇది తెలిసినవాడు స్టేషన్‌కు పోతాడు. తెలియనివాడు దాక్కుని, చేయని నేరం కూడా నెత్తిన వేసుకుంటాడు.

అయితే ఎల్‌ఎల్‌ఆర్ బిట్లలో రానివి, రోడ్డు రూల్స్‌లో సగభాగమైనవి ఇంకా ఉన్నాయి. గ్రూప్స్ చదివేవాళ్లకు ఆర్టికల్ 15 నోటికి వచ్చు. అందులో 15(2)(బి) ఇంకోసారి చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లు అన్న మాట ఉంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) ప్రకారం మనల్ని రోడ్డు మీద పోనివ్వకపోవడం, సైకిల్ గానీ మోటారు సైకిల్ గానీ ఎక్కనివ్వకపోవడం, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపును, గుర్రం ఎక్కడాన్ని అడ్డుకోవడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మోటారు సైకిల్ అన్న మాట పార్లమెంటు ఊరికే రాయలేదు. అడ్డుకుంటున్నారు కాబట్టి రాసింది. ఒక చట్టం బండి ఎలా నడపాలో చెబుతుంది. ఇంకో చట్టం నువ్వు నడుపుతుంటే ఎవడూ దింపకూడదని చెబుతుంది. రెండూ కలిస్తేనే పూర్తి లైసెన్సు.

"అన్నా, రూల్స్ అన్నీ పేదోడికేనా? చలాన్లు మనకు, రోడ్డంతా కార్లకు" అంటారు. మాట నిజమే. ఒకే చలాన్ ఒకడికి కాఫీ ఖర్చు, ఇంకొకడికి రోజు కూలి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా నడవండి, ఫుట్‌పాత్ ఎక్కడుందో వెతుక్కోవాలి. నడిచేవాడే ముందు అని బిట్‌లో రాసిన ప్రభుత్వం, వాడు నడిచే చోటు చూపించాలి కదా. నంబరు ప్లేటు మీద నంబరు తప్ప ఇంకేమీ రాయకూడదు, అయినా కులం పేర్లు రాసుకున్న బండ్లు దర్జాగా తిరుగుతున్నాయి. వీటన్నిటి మీదా కొట్లాడాలి. కానీ సిగ్నల్ జంప్ చేసి ఆ కొట్లాట చేయలేం. మనం స్టాప్ లైన్ దగ్గర ఆగి, పక్కన లైన్ దాటి నిలబడ్డ పెద్ద కారును చూపించి, వాడికీ ఇదే రూలు కదా అని పోలీసును అడగాలి. 1893లో అయ్యంకాళి కేరళలో ఎడ్లబండి ఎక్కి నిషేధించిన రోడ్డు మీదకు వెళ్లింది ఎవరినో గుద్దడానికి కాదు. ఈ రోడ్డు అందరిదీ అని చెప్పడానికి.

పని చెబుతాను. మీ రీడింగ్ రూములో, హాస్టల్లో, బస్తీ కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం రెండు గంటలు పెట్టండి. ఇరవై రోడ్డు బిట్లు, వాటికి ఐదు రాజ్యాంగం బిట్లు కలపండి. తెల్ల కర్ర బిట్ ఉండాలి, కొండ దారి బిట్ ఉండాలి, 15(2)(బి) ఉండాలి, 3(1)(జెడ్‌ఏ) ఉండాలి. చదవడం రాని ఆటో అన్నలను పిలిచి గుర్తులు బొమ్మలతో చెప్పండి. స్కూటీ కావాలనుకునే చెల్లెళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి, వాళ్లకు ఊళ్లో రోడ్డు మీద ఇంకో కంచె ఉంది. తర్వాత ఏజెంటు లేకుండా స్లాట్ బుక్ చేసుకుని అందరూ కలిసి పోండి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. నెల రోజులు దాటాక డ్రైవింగ్ టెస్టుకు పోవచ్చు. ఆ నెల రోజులూ లైసెన్సు ఉన్న మనిషిని వెనక కూర్చోబెట్టుకుని, బండికి ఎల్ బోర్డు పెట్టుకుని నేర్చుకోండి.

మన తాత సైకిల్ దిగి నడిచిన రోడ్డు మీద మనం బండి నడుపుతున్నాం. బాగా నడపాలి. ఆగాల్సిన చోట ఆగాలి. ఎవరి కోసం ఆగుతున్నామో, ఎవరి ముందు ఇక ఎప్పటికీ దిగనక్కర్లేదో రెండూ తెలిసి నడపాలి.

జై భీమ్.