పేదరికాన్ని గెలిచింది సరే, జీతమెంత?

తెలుగులో ఆటగాడికి సరైన స్త్రీలింగం లేదు. ‘ఆటకత్తె’ అనే మాట ఉంది కానీ దానికి నిఘంటువు చెప్పే అర్థం నాట్యమాడే స్త్రీ అని. వాడుకలో అంతకన్నా చులకన. అందుకే పత్రికలు ‘క్రీడాకారిణి’ అని సంస్కృతం నుంచి తెచ్చుకున్నాయి. మాట అరువు తెచ్చుకున్నా చూపు మాత్రం పాతదే. ఆడపిల్ల బంతి తన్నితే అదొక వింత. ఆ వింత పేదింటిదైతే ఇంకా మంచి కథ.

గుగులోత్ సౌమ్య గురించి మన పత్రికలు రాసిన తీరు చూడండి. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన లంబాడీ అమ్మాయి. మొదట పరుగుపందేల్లో ఉండి ఫుట్‌బాల్‌లోకి వచ్చింది. గోకులం కేరళ జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. ఈస్ట్ బెంగాల్ 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. ఆ ఏడాదికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెకే వచ్చింది. ఇదంతా ఒక వృత్తి జీవితం. కానీ శీర్షికల్లో మాత్రం ఆమె ‘తండా నుంచి మెరిసిన ఆణిముత్యం’. ముత్యానికి జీతం అక్కర్లేదు కదా! మెరిస్తే చాలు.

నా అభ్యంతరం ఇక్కడే. ‘పేదరికాన్ని జయించిన బిడ్డ’ అని రాసిన ప్రతిసారీ ఆ పేదరికంలో ఎవరి పాత్ర ఎంత అనే ప్రశ్న మాయమవుతుంది. కష్టం ఆమెది, గెలుపు దేశానిది. మధ్యలో ఉన్న క్లబ్బులు, సమాఖ్య, ప్రభుత్వం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

లెక్కల్లోకి వద్దాం. 2023లో సమాఖ్య కనీస వేతనం ప్రకటించింది. పై స్థాయి లీగ్‌లో ప్రతి క్లబ్బూ కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులతో ఒప్పందం చేసుకోవాలి, ఒక్కొక్కరికి ఏడాదికి కనీసం 3 లక్షల 20 వేల రూపాయలివ్వాలి. అంటే నెలకు 27 వేల లోపు. మైదానంలోకి దిగేది 11 మంది, హామీ 10 మందికి! బెంచీ మీద కూర్చునేవాళ్ళ సంగతి అడగనే వద్దు. అదీ 2016-17లో లీగ్ మొదలైన ఇన్నేళ్ళకు.

‘ఎవరూ చూడని ఆటకు డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? ముందు గెలవమనండి’ అంటారు. గెలిచారు. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి మన మహిళలు 2026 ఆసియా కప్‌కు వెళ్ళారు. అర్హత పోటీల్లో నెగ్గి అక్కడికి వెళ్ళడం వాళ్ళకదే మొదటిసారి. అదే ఏడాది పురుషుల జట్టు 2027 ఆసియా కప్‌కు అర్హత పోగొట్టుకుంది. ఓడినందుకు మగవాళ్ళ జీతాల మీద ఎవరూ ప్రశ్నలు వెయ్యలేదు. గెలుపును బట్టే డబ్బన్న న్యాయం ఆడవాళ్ళకు మాత్రమే.

జపాన్ సంగతీ ఇంతే. 2011 జులైలో ఆ దేశపు మహిళలు ప్రపంచ కప్ గెలిచారు. మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళేటప్పుడు ఆ విజేతలను విమానంలో ఎకానమీ తరగతిలో కూర్చోబెట్టారు. పురుషుల జట్టుకు బిజినెస్ తరగతి. జపాన్ పురుషులకు వృత్తి లీగ్ 1993లోనే వచ్చింది. మహిళలకు వచ్చింది 2021లో, అంటే ప్రపంచ కప్ గెలిచిన పదేళ్ళకు. కప్పు దానంతటదే జీతంగా మారదు. అడగాలి, పోరాడాలి.

డబ్బొక్కటే కాదు. 2022 ఆగస్టులో సమాఖ్య పాలనలో బయటి జోక్యం ఉందని ఫీఫా మన దేశాన్ని నిషేధించింది. కుర్చీల కోసం తగువు పెద్దమనుషులది. శిక్ష పడింది ఆసియా క్లబ్ పోటీకని తాష్కెంట్ దాకా వెళ్ళి ఆడకుండా తిరిగొచ్చిన గోకులం అమ్మాయిలకు. 2024 మార్చిలో గోవాలో, రెండో స్థాయి లీగ్ ఆడటానికొచ్చిన హిమాచల్ జట్టు అమ్మాయిలిద్దరు, రాత్రిపూట గుడ్లు ఉడికించుకున్నందుకు సమాఖ్య కార్యవర్గ సభ్యుడొకడు తమ మీద చెయ్యి చేసుకున్నాడని ఫిర్యాదు చేశారు. అతన్ని అరెస్టు చేశారు, సమాఖ్య సస్పెండ్ చేసింది. తొంభై నిమిషాలు పరుగెత్తే ఒంటికి ఆకలేస్తే అది క్రమశిక్షణా రాహిత్యమట! అత్తింటి వంటగది గురించి ఇన్ని కథలు రాసుకున్నవాళ్ళం, ఈ వంటగదిని గుర్తుపట్టలేమా?

స్త్రీవాద సాహిత్యం దేహం గురించి చాలా మాట్లాడింది. చాకిరీ చేసే దేహం, ప్రసవించే దేహం, హింసకు గురయ్యే దేహం. మోకాలి స్నాయువు తెగితే ఒక ఏడాది బతుకుతెరువు పోయే దేహం గురించి దాదాపు మాట్లాడలేదు. ఆట కూడా శ్రమేనని ఒప్పుకోకపోవడమే దీనికి కారణం. బీడీ చుట్టే చేతికి కూలి రేటు అడిగిన మన విమర్శ, బంతి తన్నే కాలికీ అడగాలి.

మా గుంతకల్లు రైల్వే ఊరు. స్పోర్ట్స్ కోటా అంటే తెలియని ఇల్లు ఇక్కడ తక్కువ. అనంతపురంలో ఆర్.డి.టి. స్పోర్ట్స్ విలేజ్‌లో అమ్మాయిలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారని చెబితే, ఇక్కడి తల్లులు మొదట అడిగేది ‘దాంతో ఏమన్నా ఉద్యోగమొస్తుందా మేడం?’ అని. చదువుకున్నవాళ్ళం ఆ ప్రశ్నకు నవ్వుతాం, వెనకబాటుతనమంటాం. వానలు నమ్ముకుని వేరుశనగ వేసి నష్టపోయిన ఇళ్ళలోంచి వచ్చే ప్రశ్న అది. పత్రికల్లో వచ్చే ఏ ప్రశంస కన్నా అది తెలివైనది. ఆ తల్లి ఆణిముత్యాన్ని అడగడం లేదు. పని అడుగుతోంది.

కాబట్టి ఇకమీదట సౌమ్య లాంటి వాళ్ళ గురించి రాసేటప్పుడు ఈ ప్రశ్నలు కూడా రాద్దాం. ఒప్పందం ఎన్ని నెలలకు? గాయమైతే వైద్యం ఎవరిది? 2021 నుంచి ఫీఫా నిబంధనల్లో ఉన్న 14 వారాల ప్రసూతి సెలవు మన క్లబ్బుల్లో ఎవరికైనా అందిందా? చెయ్యెత్తిన అధికారి మీద ఫిర్యాదు వినేది ఎవరు? వీటికి జవాబులు వచ్చాక, తీరిక ఉంటే, ముత్యాల సంగతి మాట్లాడుకుందాం.