తుప్పు పట్టిన ఇంజిన్లు

స్కాట్లండ్‌లోని ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లో రోల్స్ రాయిస్ వాళ్ల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. 1974 మార్చిలో అక్కడికి కొన్ని విమానం ఇంజిన్లు మరమ్మతుకొచ్చాయి. తనిఖీ చేసే బాబ్ ఫుల్టన్ అవి ఎక్కడివా అని చూశాడు. చిలీ వైమానిక దళానివి. అంతే, వాటి మీద చెయ్యి వేసేది లేదని తేల్చి చెప్పేశాడు. తోటివాళ్లూ అదే మాట మీద నిలబడ్డారు.

ఎందుకంత పట్టుదల? అంతకు ఆరు నెలల ముందు, 1973 సెప్టెంబరు 11న, ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడైన సాల్వడార్ అయెండే ప్రభుత్వాన్ని చిలీ సైన్యం కూల్చేసింది. అధ్యక్ష భవనం మీద బాంబులు కురిపించినవి బ్రిటన్‌లో తయారైన హాకర్ హంటర్ విమానాలు. ఫ్యాక్టరీకి వచ్చినవి ఆ విమానాల ఇంజిన్లే.

ఇంజిన్లు ఆరుబయట పడి ఉన్నాయి. స్కాట్లండ్ వానల సంగతి తెలిసిందే కదా, తుప్పు పట్టాయి. నాలుగేళ్ల తర్వాత, 1978 ఆగస్టులో ఓ రాత్రి, ఎవరో గుట్టుచప్పుడు కాకుండా ఎత్తుకుపోయారు. తాము చేసిన పనివల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా అన్నది ఫుల్టన్‌కీ, ఆయన స్నేహితులకీ దశాబ్దాల పాటు తెలియనే లేదు. చిలీ నుంచి ప్రవాసం వెళ్లిన ఒకాయన కొడుకు, ఫెలిపె బుస్తోస్ సియెర్రా, ఆ కూపీ లాగాడు. 2015లో చిలీ ప్రభుత్వం ఆ ముసలాళ్లను సత్కరించింది. 2018లో 'నే పసరాన్' డాక్యుమెంటరీ వచ్చింది.

చిలీ ఎక్కడ, స్కాట్లండ్ ఎక్కడ! వామపక్షాల భాషలో అంతర్జాతీయత అన్న మాటకి అర్థం ఒకప్పుడు ఇదే. 1945లో ఇండొనేసియాను మళ్లీ చేజిక్కించుకోవాలని డచ్చివాళ్లు ఓడలు సిద్ధం చేస్తే, ఆస్ట్రేలియా రేవు కార్మికులు సరుకు ఎక్కించబోమన్నారు. సిడ్నీలో ఉన్న భారతీయ నావికులు కూడా వాళ్లతో కలిశారు. మన దేశానికే ఇంకా స్వాతంత్ర్యం రాలేదప్పటికి.

అలాంటిది ఎక్కడికి పోయింది? 1991లో సోవియట్ యూనియన్ కూలడంతోనే పోయిందని తేలిగ్గా చెప్పేస్తుంటారు. కానీ ఈ జబ్బు పాతదే. యుద్ధం వస్తే అన్ని దేశాల కార్మికులం కలిసి అడ్డుకుంటామని 1912లో బాసెల్ సభలో ఒట్టేసుకున్నారు సోషలిస్టులు. రెండేళ్లు తిరగకుండానే, 1914 ఆగస్టు 4న, వాళ్లలో అందరికంటే పెద్దదైన జర్మన్ పార్టీ యుద్ధ నిధులకు చెయ్యెత్తింది. తర్వాత 1919లో మాస్కోలో కొత్త అంతర్జాతీయ సంస్థ పుట్టింది. మంచి పనులూ చేసింది, కాదనలేం. అయితే రానురాను దాని దిక్సూచి ముల్లు మాస్కో వైపే ఆగిపోయింది. 1939లో హిట్లర్‌తో స్టాలిన్ ఒప్పందం చేసుకుంటే, నిన్నటిదాకా ఫాసిజాన్ని తిట్టిన పార్టీలు నాలుక మడతేయాల్సి వచ్చింది. అదే స్టాలిన్ 1943లో ఆ సంస్థనే మూసేయించాడు. 1956లో హంగరీ, 1968లో ప్రాగ్... ట్యాంకులు పంపి దానికి సోదర సాయం అని పేరు పెట్టారు. 1979 ఫిబ్రవరిలో చైనా వియత్నాం మీదికి దండెత్తితే ఎవరి పక్కన ఊరేగింపు తీయాలి? రెండు వైపులా ఎర్రజెండాలే మరి! మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన స్నేహం రాయబార కార్యాలయాల చేతికి పోయింది.

తెలుగువాళ్లకు అందిన అంతర్జాతీయత చాలావరకు పుస్తకాల రూపంలోది. మాస్కోలో ఉండి ఉప్పల లక్ష్మణరావు వంటివాళ్లు అనువదించిన పుస్తకాలు మన ఇళ్లలోకి కారుచౌకగా వచ్చేవి. ఎంత మేలు చేశాయో చెప్పలేం. కానీ ఆ దేశం పోగానే అవీ ఆగిపోయాయి.

బ్రిటన్‌లోనైతే చట్టాలే మారిపోయాయి. 1980 నుంచి 1990 దాకా ఒకదాని వెంట ఒకటి వచ్చిన చట్టాల పుణ్యమా అని, కార్మికులు సొంత యజమానితో సొంత తగువు మీద తప్ప సమ్మె చేయడం కుదరకుండా పోయింది. ఇవాళ ఫుల్టన్ లాంటివాళ్లు అదే పని చేస్తే సంఘం కోర్టు మెట్లెక్కాలి. ఇక పార్టీల లెక్క వేరు. ఓట్లుండేది సరిహద్దు లోపలే. డెన్మార్క్‌లో సోషల్ డెమొక్రాట్లు వలసలపై కఠినంగా ఉంటామని చెప్పి మరీ 2019లో అధికారంలోకి వచ్చారు.

ఆ పాత అలవాటు మిగిలి ఉంటే పార్టీ ఆఫీసుల్లో కాదు, రేవుల్లో కనిపిస్తోంది. ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధాలు ఎక్కించబోమని 2024 ఫిబ్రవరిలో మన దేశపు ప్రధాన రేవుల కార్మికుల సమాఖ్య ప్రకటించింది. 2025 జూన్‌లో ఫ్రాన్స్‌లో మార్సెయ్ దగ్గరి ఫోస్ రేవు కార్మికులు మెషిన్‌గన్ విడిభాగాలున్న కంటెయినర్‌ను గుర్తుపట్టి పక్కన పెట్టేశారు. ఓడ అది లేకుండానే వెళ్లిపోయింది.