నీరు తాగే నేలకూ ముసలితనం వస్తుంది

వాన పడితే మట్టి నేల నీటిని పీల్చుకుంటుంది. మామూలు సిమెంటు నేల పీల్చుకోదు. దాని మీద పడిన నీరంతా పల్లానికి పరుగెత్తి, కాలువలు నింపి, వీధిలోకి పొంగుతుంది. ఈ బాధ తగ్గించడానికి ఇంజనీర్లు నీరు దిగే నేలలు తయారుచేశారు. వీటిలో రెండు రకాలు చూద్దాం. ఒకటి, ఇసుక దాదాపు లేకుండా కంకర, సిమెంటు కలిపి పోసే కాంక్రీటు. అందులో సాధారణంగా నూటికి 15 నుంచి 25 వంతులు ఖాళీలే. రెండవది, పలకల మధ్య సందులు వదిలి, వాటిని సన్నని రాతిముక్కలతో నింపిన నేల. నీరు ఈ ఖాళీలగుండా జారి, అడుగున పరచిన కంకర పొరలో నిలిచి, మెల్లగా భూమిలోకి ఇంకుతుంది.

బాగుంది కదూ! కాని మీ ఇంట్లో పిండి జల్లెడను చూడండి. దులపకుండా వాడుతూపోతే దాని కన్నాలు పూడిపోతాయి. ఈ నేల గతీ అంతే. గాలికి వచ్చే దుమ్ము, టైర్ల నుంచి అరిగి రాలే పొడి, కుళ్ళిన ఆకులు, పక్క గట్టు నుంచి కొట్టుకొచ్చే మట్టి కలిసి ఖాళీలను మూసేస్తాయి. ఈ పూడిక ఎక్కువగా పై రెండు మూడు సెంటీమీటర్లలోనే ఉంటుంది. లోపలి కంకర పొరలో చోటు ఉన్నా నీరు అక్కడికి చేరలేదు. ఇల్లు ఖాళీయే, గుమ్మమే మూసుకుపోయిందన్నమాట!

జర్మనీలో ఈ ముసలితనాన్ని ముందే లెక్కలో వేసుకుంటారు. హెక్టారుకు సెకనుకు 270 లీటర్ల వానను తట్టుకోవాలనుకుంటే, కొత్త నేల 540 లీటర్లు దింపాలంటారు. హెక్టారుకు 10,000 చదరపు మీటర్లు. గంటకు 3,600 సెకన్లు. గుణించి, భాగించి చూడండి. కొత్తలో చదరపు మీటరుకు గంటకు సుమారు 194 లీటర్లు, తరువాత 97 లీటర్లు వస్తాయి.

రెట్టింపు శక్తి ఇచ్చాం కనుక ఇక నేలను పట్టించుకోనక్కర లేదా? ఆ మాట తప్పు. సగం దగ్గర ఆగిపొమ్మని దుమ్ముకు ఎవరు చెప్పగలరు?

“అలాంటప్పుడు మామూలు సిమెంటే మేలు” అని కొందరంటారు. అదీ సరికాదు. మామూలు సిమెంటు మొదటి రోజు నుంచే నీటిని దిగనివ్వదు. ఈ నేలను దుమ్ము పీల్చే యంత్రంతో వేళకు శుభ్రం చేసి, సందుల్లో పాత రాతిముక్కలు తీసి కొత్తవి నింపితే, పోయిన శక్తిలో చాలా భాగం తిరిగి వస్తుంది. ఆలస్యం చేస్తే మురికి లోతుకు దిగుతుంది. అప్పుడు ఎంత కడిగినా ఫలితం తక్కువే.

అందువల్ల నేను కోరేది ఇది: ఇటువంటి నేల వేసేవారు వేసే ఖర్చుతో పాటు ఏటేటా శుభ్రం చేసే ఖర్చునూ ముందే కేటాయించాలి. చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో అక్కడే బోర్డు మీద రాయాలి. ఆ డబ్బు లేకపోతే, కొన్నేళ్ళకు అది పేరుకే నీరు తాగే నేల.

మీ దగ్గర ఇటువంటి నేల ఉంటే మీరే పరీక్షించవచ్చు. వాహనాలు తిరగని చోట, పెద్దల అనుమతితో, రెండువైపులా తెరచిన డబ్బాను దాని మీద నిలబెట్టి, అంచును లప్పంతో మూయండి. ముందు కాసిని నీళ్ళు పోసి నేల తడపండి. తరువాత లీటరు నీరు పోసి, ఎన్ని సెకన్లలో ఇంకిందో రాసుకోండి. ఏటా వానల ముందు అదే చోట మళ్ళీ కొలవండి. సెకన్లు పెరుగుతున్నాయా? ఆ కాగితం తీసుకెళ్ళి పెద్దలకు చూపించండి. నేల మూసుకుపోతున్నదని చెప్పడానికి అంతకన్న మంచి సాక్ష్యం ఏముంటుంది?