రెండవసారి వ్రాయుట

పదియవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన పాఠశాల యావరణములోనికి ఎవరెవరు వత్తురో మేము చాల సంవత్సరములుగా చూచుచున్నాము. కృతార్థులైన పిల్లల తలిదండ్రులు మిఠాయి పొట్లములతో వత్తురు. తప్పిన పిల్లల తలిదండ్రులు ఆ దినమున రారు. వారము పది దినములు గడచిన పిమ్మట, ఎండ తగ్గిన వేళ, ఒంటరిగా వచ్చి వరండాలో నిలుచుందురు. "వీడికి చదువు అబ్బదు మాష్టారూ, టీసీ ఇప్పించండి, మెకానిక్ షెడ్డులో పెడతాను" అని తండ్రి యనును. ఆడపిల్ల యైనచో ఆ మాట మరింత మెల్లగా వచ్చును. సంబంధమేదో చూచుచున్నామనియు, ఇక చదువెందుకనియు చెప్పుదురు. పదునెనిమిది యేండ్లు నిండక వివాహము చేయరాదని చట్టమున్నదని మేము జ్ఞాపకము చేసినచో తల వంచుకొని వెడలిపోవుదురు. ఆ పిల్ల మరల మాకు కనబడదు.

శీలమును గూర్చియు, పట్టుదలను గూర్చియు ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయవలెనని మమ్ము కోరిరి. సద్గుణములను వరుసగా పేర్కొని వర్ణించుట సులభమే. కాని ఆ వరండా మా కన్నుల యెదుట నుండగా మాకు వేరొకటి తోచుటలేదు. మా యభిప్రాయ మిది: పిల్లవాని శీలము మొదటి ప్రయత్నమున బయటపడదు. చేసిన పని చెడిపోయిన తరువాత, ఆ పనినే మొదటినుండి చేయుటకు వాడు మరల కూర్చుండునా లేదా యనుదానిలో బయటపడును. రోమీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమున పౌలు ఓర్పు వలన కలుగునని చెప్పినదానికి మన తెలుగు బైబిలులో "పరీక్ష" యను మాట యున్నది. ఇంగ్లీషు బైబిళ్లలో కొన్నిట అచ్చటనే శీలమను నర్థము నిచ్చు మాట యున్నది. మన పిల్లలు ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూచిన మేలు.

విలియం కేరీగారి పేరు మీలో చాలమంది విని యుందురు. ఆయన 1761వ సంవత్సరమున ఇంగ్లండులోని యొక పల్లెలో పుట్టి, చెప్పులు కుట్టు పని నేర్చి, 1793లో వంగదేశమునకు వచ్చెను. 1800 మొదలుకొని, అప్పుడు డెన్మార్కువారి యేలుబడిలో నుండిన శ్రీరామపురమున, మార్ష్‌మన్, వార్డు అను తోడిసేవకులతో కలసి పనిచేసెను. వారి ముద్రాలయమున బైబిలు భాగములు అనేక భారతీయ భాషలలో అచ్చగుచుండెను. ఇంతవరకు పాఠ్యపుస్తకములలోను, ఆదివారపు పాఠములలోను చెప్పుచునే యున్నారు. మేము చెప్పదలచినది 1812వ సంవత్సరము మార్చి 11వ తేదీ సాయంకాలమును గూర్చి.

ఆ సాయంకాలము ముద్రాలయములో కాగితములు పేర్చియుంచిన చోట నిప్పు పుట్టెను. ఆ శాల రెండు వందల యడుగుల పొడవైనది. ప్రక్కగదిలో పని చూచుకొనుచున్న వార్డుగారు పొగను కనిపెట్టి, గాలి చొరకుండ తలుపులును కిటికీలును మూయించి, పైకప్పునుండి నీళ్లు పోయించెను. కొన్ని గంటలు అట్లు పోయగా నిప్పు అణగునట్లే కనబడెను. ఇంతలో ఎవరో మంచి తలంపుతోనే యొక కిటికీ తెరచిరి. గాలి చొరగానే శాల యంతయు మంటలయ్యెను. ప్రాణనష్టము కలుగలేదు. అచ్చుయంత్రములు వేరు గదిలో నుండుటచే దక్కెను. కాగితములును, అనేక భాషల అచ్చక్షరములును, సంవత్సరముల తరబడి వ్రాసిన వ్రాతప్రతులును పోయెను. అప్పుడు కేరీగారు ఆ యూరలేరు. ఆయన కలకత్తాలో ఫోర్టు విలియం కళాశాలయందు బోధించుచుండెను. మరునాడు మార్ష్‌మన్‌గారు అచ్చటికి పోయి ఈ వార్త చెప్పవలసి వచ్చెను.

పోయిన వ్రాతలలో మనకు సంబంధించినది యొకటి కలదు. కేరీగారు వ్రాసియుంచిన తెలుగు వ్యాకరణము యావత్తును ఆ మంటలో కాలిపోయెను. (వ్యాకరణమనగానే మొగము ముడుచుకొను మా తొమ్మిదవ తరగతి పిల్లలు ఈ సంగతి విని లోలోపల సంతోషింతురేమో!) సంస్కృత బైబిలులోని కొన్ని భాగములు, కన్నడ క్రొత్త నిబంధన, వంగభాషా నిఘంటువులోని పుటలు, పంజాబీ వ్యాకరణములో చాల భాగము కూడ పోయెను. అప్పటికాయనకు ఏబదియేండ్లు. ఏబదియేండ్లవాడు మంట చల్లారిన తరువాత ఏమి చేసెను? మరుసటి యాదివారమున 46వ కీర్తనను ఆధారము చేసికొని ప్రసంగించెను. పిమ్మట కలము పట్టెను. బూడిదలో దొరకిన లోహమును కరగించి మరల అక్షరములు పోసిరి. 1814లో ఆ తెలుగు వ్యాకరణము అచ్చయ్యెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరామపురమునుండి వెలువడెను.

ఒకసారి నడచిన త్రోవను రెండవసారి నడచుట మొదటికంటె సులభముగాను, నిశ్చయముగాను ఉండునను భావము ఆయన యొక జాబులో వ్రాసెను. అంతటి వానితో వాదింప సాహసింపము గాని, ఈ మాట సగమే నిజమని మా యనుభవము. చేతికి సులభమే, మనస్సునకు మాత్రము కష్టము. మొదటిసారి క్రొత్త పుస్తకముండును, దానికి అట్ట వేయు సరదా యుండును, ఇంటిలోనివారి పొగడ్త యుండును. రెండవసారి ఇవి యేవియు నుండవు. అదే పుస్తకము, పుటల మూలలు నలిగినది; అదే లెక్క; తోటివారందరు కళాశాలకు పోవుచుండగా తానొక్కడు ఇంటి యరుగుమీద కూర్చుండవలెను. ఈ రెండవ కష్టమును గూర్చి పిల్లలకు ముందుగా చెప్పువారు లేరు. కావున అది వచ్చినప్పుడు తమ బుద్ధియే మందమని వారు తలచుకొందురు. అది బుద్ధిమాంద్యము కాదు.

అయితే కేరీగారి కథను కేవలము పొగడ్తగా చెప్పుట మా కిష్టములేదు. ఆ మంటలో ఆయన మహానిఘంటువునకు కూర్చిన సామగ్రి కూడ పోయెను. సంస్కృత మూలము గల భాషలన్నిటిని ఒక్కచోట చేర్చవలెనని ఆయన సంకల్పించిన గ్రంథ మది. అది తరువాత పూర్తి కాలేదు. తెలుగు వ్యాకరణమును మరల వ్రాసినవాడే దీనిని విడిచెను. మరల చేయవలసిన దేదో, విడువదగిన దేదో వేరుపరచుకొనుట కూడ పట్టుదలలో నొక భాగమే. ఆ తెలుగు క్రొత్త నిబంధన సైతము చిరకాలము వాడుకలో నిలువలేదు. తరువాతివారు మరల అనువదించిరి. మరియు ఆయన ఇంటివారు పడిన బాధ తక్కువది కాదు. ఈ దేశమునకు వచ్చిన మరుసటి సంవత్సరమే చిన్నకుమారుడొకడు మరణించెను. భార్య మతి చలించి 1807లో చనిపోవువరకు కోలుకొనలేదు. ఒకరి పట్టుదలకు వెల మరియొకరు చెల్లింపవలసి వచ్చుట మనము ఇండ్లలోను చూచుచునే యున్నాము. కుమారుడు వైద్యుడే కావలెనను తండ్రి పట్టుదలను ఆ కుమారుని వీపున మోపరాదు. షెడ్డు పని తక్కువదని కూడ మా భావము కాదు. కేరీగారి చేతులు మొదట చెప్పులు కుట్టినవే. ఇంజనులమీద మక్కువ గల పిల్లవాడు కోరి ఆ పని నేర్చుకొనిన మేమే సంతోషింతుము. తప్పినాడు గనుక అచ్చటికి త్రోయుటను మాత్రమే మేము తప్పు పట్టుచున్నాము.

కాలిపోయిన వ్రాతను మరల వ్రాసిన వృత్తాంతము యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయములోను కలదు. రాజైన యెహోయాకీము చలికాలపు నగరులో కుంపటి యెదుట కూర్చుండి, చుట్టనుండి మూడు నాలుగు పుటలు చదువబడినప్పుడెల్ల దానిని కత్తితో కోసి నిప్పులో వేసెను. బారూకు సిరాతో వ్రాసిన వ్రాత యంతయు అట్లు పోయెను. అప్పుడు ప్రవక్త వేరొక చుట్ట తీసి బారూకు చేతికిచ్చి, మొదటి మాటలన్నిటిని చెప్పి వ్రాయించెను. అంతేకాక, అట్టి మాటలు మరి యనేకములు దానిలో చేర్చబడెను. రెండవ చుట్ట మొదటిదానికంటె పెద్దది. లేఖనమును బోధించు మనము ఈ చివరి సంగతిని త్వరగా దాటిపోవుచుందుము.

మేమే దాటిపోయితిమి. ఆ సంగతి దాచుట న్యాయము కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతిలో చదువుచున్న యొక బాలిక సాంఘికశాస్త్రమునకై తమ గ్రామపటమును గీచెను. చెరువు, తూము, రెండు బావులు, వీధులు, దేవాలయము, మసీదు, మన చర్చి, చింతచెట్టు సైతము గుర్తించి, దూరములను అడుగులతో కొలిచి గీచినది. పటము ఇచ్చుటకు వచ్చు దినమున వానలో సంచి తడిసి, రంగులన్నియు కలసిపోయెను. బాలిక వెక్కి వెక్కి యేడ్చెను. మాకు జాలి కలిగి, "ఫరవాలేదమ్మా, నీవు గీచినట్లు మాకు తెలుసు గదా, మళ్లీ అక్కరలేదు" అని పూర్తి మార్కులు వేసితిమి. దయ చూపితిమని ఆ రాత్రి సంతోషించితిమి కూడ. మరుసటి సంవత్సరము ఆమె గణితమున తప్పెను. సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టలేదు. మేము ఇంటికి పోయి యడుగగా గుమ్మములోనే నిలిచి, "పోయింది కదండీ సార్, వదిలేశాను" అనెను. కోపము లేదు, దుఃఖము లేదు, వాన తడిపిన పటమును గూర్చి మాటలాడినట్లే యనెను. తిరిగి వచ్చునప్పుడు ఆ పటము మాకు జ్ఞాపకమునకు వచ్చెను. ఆ మాట ఆమెకు మేము నేర్పినదే. "రేపు నా ప్రక్కన కూర్చుండి మరల గీయుము" అని యుండిన, ఒక్క సాయంకాలము పట్టెడిది.

"ప్రార్థన చేసితిమి, అయినను తప్పితిమి" అని మాతో చెప్పు పిల్లలు కలరు. ఆ మాటను మేము తేలికగా తీసికొనము. కాని జవాబుపత్రములోని యంకెలను మార్చుమని ప్రార్థించుటకును, మరల కూర్చుండుటకు బలమిమ్మని ప్రార్థించుటకును చాల భేదము కలదు. రెండవ ప్రార్థన చేసినవాడు లేచి పుస్తకము తెరువవలసి యుండును. గణితమున తప్పినవారికి మా యనుభవమునుబట్టి యొక మాట: పదియవ తరగతి పుస్తకమును మొదటి పుటనుండి పట్టుకొనకుడు. మీలో పెక్కుమందికి కొరత పదియవ తరగతిలో లేదు. ఐదారు తరగతులలో నేర్చుకొనవలసిన భిన్నములలోను, ఋణసంఖ్యలలోను ఉన్నది. తమ్ముని పుస్తకము తీసికొని సిగ్గుపడక అచ్చటనుండి మొదలిడుడు. రెండు వారములలో సమీకరణములు తమంతట తామే లొంగుట మేము పలుమారులు చూచితిమి.

ఇక మన పాఠశాలకు ఒక మనవి. వార్షికోత్సవమున ప్రథములకు బహుమతులిచ్చుచున్నాము; ఈయవలసినదే. కాని మరల వ్రాసి ఉత్తీర్ణులైన వారి పేర్లు ఏ సంచికలోను, ఏ వేదికమీదను వినబడుటలేదు. ఆ పేర్లను కూడ చదువవలెనని మా కోరిక. ఊరడింపు బహుమతిగా కాదు, అదే వేదికమీద, అదే స్వరముతో. అట్లు చేసిన పిల్లలు సిగ్గుపడుదురని తోటి యుపాధ్యాయులు కొందరు మాతో వాదించిరి. వారి మాటలో సత్యము లేకపోలేదు. కావున ముందుగా పిల్లల యనుమతి యడుగుదము. వలదన్నవారి పేరు చదువవద్దు. అయినను, ఆ సిగ్గును వారికి నేర్పినది ఎవరని కూడ మనము విచారింపవలెను. ఇంటికి వచ్చిన చుట్టములు మార్కులడుగగా, "రెండోసారి పాసయ్యాడులెండి" అని తల్లి గొంతు తగ్గించిన యెడల పిల్లవాడు వినుచుండును.

తలిదండ్రులారా, ఈ యేటి ఫలితములు వచ్చిన పిమ్మట టీసీ కొరకు వచ్చుటకు ముందు పిల్లవానిని వెంటబెట్టుకొని యొకసారి మాయొద్దకు రండు. సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టు గడువు ప్రధానోపాధ్యాయులవారి గది వెలుపలి బల్లమీద వ్రాయబడును. ఆదివారము తప్ప ప్రతి దినము ఉదయము ఆరున్నర గంటలకు ఏడవ తరగతి గది తెరచియుండును. మేము అచ్చటనే యుందుము. క్రొత్త పుస్తకములు కొననక్కరలేదు. నలిగిన పాత పుస్తకమును, రెండు కలములను తెచ్చుకొనిన చాలును.